ఐదు పతాకాల కింద

సంక్రాంతి పండగ ఇండియానాలో జరుపుకున్నాను. 2025 జనవరి 14, మంగళవారం. ఇండియానాపోలిస్ పక్కనున్న ఫిషర్స్‌లో మా చెల్లెలి ఇల్లు. ముంగిట మంచు పేరుకుపోయి ముగ్గు వేసే చోటు లేక గరాజులోని సిమెంటు గచ్చు మీదే నాలుగు గీతల ముగ్గు పెట్టింది. పొంగలి, గారెలు, పులిహోర తిని నేను కునుకు తీసే ప్రయత్నంలో ఉండగా బావ వచ్చి, "బావగారూ, స్వెట్టరు వేసుకోండి. బ్లూమింగ్టన్ పోదాం. రాత్రికి మ్యాచ్ ఉంది" అన్నాడు. చెల్లెలు అరిసెల డబ్బా చేతికిచ్చింది. వాళ్లమ్మాయి, అంటే నా మేనకోడలు, అక్కడే ఇండియానా యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది.

గంటన్నర దారి. సగం దూరం వచ్చేదాకా బావ పెద్దగా మాట్లాడలేదు. మామూలుగా వాగుడుకాయ. మూడు రోజుల క్రితం, శనివారం, వాళ్ల ఇండియానా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు అయోవా చేతిలో 85-60తో ఓడిపోయింది. ఆ ఓటమి ఇంకా ఒంట్లోంచి దిగలేదని వాలకం చూస్తేనే తెలుస్తోంది.

ఇండియానా రాష్ట్రానికి బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో చదివి తెలుసు. కళ్లతో చూడటం అదే మొదలు. రోడ్డు పక్క పొలాల్లో మొక్కజొన్న కోసిన మోళ్లు మంచులోంచి తలలు బయటపెట్టి ఉన్నాయి. పశువుల కొట్టం కనబడితే చాలు, గోడకో తలుపు పైనో ఇనుప రింగు బిగించి ఉంటుంది. కొన్నిటికి వల కూడా లేదు. రింగు తుప్పు పట్టినా ఎవరూ పీకలేదు. అమెరికా మొత్తంలో బాగా పెద్ద హైస్కూలు జిమ్‌లు ఏవని లెక్క తీస్తే అందులో ఎక్కువ ఈ రాష్ట్రంలోనే తేలుతాయి. ఊరి జనాభా కంటే జిమ్‌లో కుర్చీలు ఎక్కువున్న చోట్లున్నాయి. 1954లో మైలన్ అనే పల్లెటూరి బడి, మొత్తం పిల్లలు 161 మంది, రాష్ట్ర ఫైనల్లో మన్సీ సెంట్రల్ అనే పెద్ద బడిని 32-30తో ఓడించింది. చివరి క్షణంలో బాబీ ప్లంప్ వేసిన బంతి అది. 1986లో వచ్చిన 'హూజియర్స్' సినిమాకు ఆ కథే ఊపిరి.

మార్టిన్స్‌విల్ దగ్గర బావ నోరు విప్పాడు. "ఇది జాన్ వుడెన్ ఊరు" అని వేలితో చూపించాడు. 1927లో ఈ ఊరి హైస్కూలును రాష్ట్ర విజేతగా నిలిపిన కుర్రాళ్లలో వుడెన్ ఒకడు. తర్వాత కాలిఫోర్నియాలో యూసీఎల్ఏ కోచ్‌గా పన్నెండేళ్లలో పది జాతీయ టైటిళ్లు గెలిచాడు. "అంతటివాడు ఈ రోడ్డు మీద పుట్టి వేరే చోట గెలిపించాడు. మాకు అలాంటి బాధలు ఇంకా ఉన్నాయి" అంటూ లారీ బర్డ్ కథ ఎత్తుకున్నాడు. బర్డ్‌ది బ్లూమింగ్టన్‌కి దక్షిణాన ఫ్రెంచ్ లిక్. 1974లో ఇండియానా యూనివర్సిటీలో చేరాడు. అంత పెద్ద క్యాంపస్‌లో ఇమడలేక నెల తిరక్కుండానే ఇంటికి వెళ్లిపోయాడు. అయిదేళ్ల తర్వాత ఇండియానా స్టేట్ అనే వేరే యూనివర్సిటీ తరఫున జాతీయ ఫైనల్లో మ్యాజిక్ జాన్సన్ ఎదుట నిలబడ్డాడు. బావ ఈ దేశానికి రాకముందు, పాతికేళ్ల ముందు జరిగిన సంగతిది. అయినా తన చేతిలోంచి జారిపోయినట్టే చెబుతున్నాడు. అభిమానం అంటే అదే. తను చూడని నష్టానికి కూడా లెక్క రాసుకుంటుంది.

బావ బ్లూమింగ్టన్‌కి 2000 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి వచ్చాడు. పుస్తకాలు కొనుక్కునే లోపే సెప్టెంబరులో కోచ్ బాబ్ నైట్‌ను తీసేశారు. 1971 నుంచి ఇరవై తొమ్మిదేళ్లు జట్టును నడిపినవాడు. 1976, 1981, 1987లో మూడు టైటిళ్లు తెచ్చినవాడు. 1985లో పర్డ్యూతో మ్యాచ్‌లో కోపంతో కోర్టు మీదికి కుర్చీ విసిరినవాడూ ఆయనే. ఆయన చెయ్యి, నోరు రెండూ హద్దు దాటాయని యూనివర్సిటీ తేల్చింది. ఆ రాత్రి వేలమంది విద్యార్థులు యూనివర్సిటీ అధ్యక్షుడి ఇంటి మీదికి ఊరేగింపుగా వెళ్లారు. బాస్కెట్‌బాల్ అంటే ఏమీ తెలియని మా బావ గుంపు చివర నిలబడి చూశాడట. "మనవైపు ముఖ్యమంత్రిని దించేస్తే వచ్చే గుంపు అది. ఒక డ్రిల్లు మాస్టారు కోసం ఇంత జనమా అనుకున్నాను. అప్పటికి నాకేం తెలుసు?"

తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది. 2002 మార్చిలో, నైట్ తర్వాత వచ్చిన మైక్ డేవిస్ చేతిలో ఉన్న జట్టు, ఆ ఏడు అందరూ గెలుస్తుందనుకున్న డ్యూక్‌ను 74-73తో ఓడించింది. పదిహేడు పాయింట్లు వెనకబడి లేచి గెలిచింది. బావ ఆ రాత్రి చెప్పుల్లేకుండా కిర్క్‌వుడ్ అవెన్యూ మీద పరుగెత్తాడు. జట్టు జాతీయ ఫైనల్ దాకా వెళ్లి మేరీలాండ్ చేతిలో ఓడింది. ఆ తర్వాత ఇండియానా మళ్లీ ఫైనల్ ముఖం చూడలేదు. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు, ఇద్దరు పిల్లలు. వీటితోపాటు బావకు ఈ జట్టు కూడా సంసారంలో భాగమైపోయింది.

బ్లూమింగ్టన్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరంతా సున్నపురాయి కట్టడాలే. ఇక్కడికి, దక్షిణాన బెడ్‌ఫర్డ్‌కి మధ్య నేల కింద దొరికే రాయితోనే న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కు పైతొడుగు వేశారు. సాయంత్రపు వెలుగులో ఆ గోడలు పెసరపప్పు రంగులో మెరుస్తుంటే కాసేపు నిలబడి చూడాలనిపించింది, చలి నిలబడనివ్వలేదు. మేనకోడలు హాస్టల్ గుమ్మం దగ్గరే డబ్బా మూత తీసి అరిసె కొరికింది. "మావయ్యా, మీరు మంచి రోజు చూసి రాలేదు. మా ఫ్లోర్‌లో సగం మంది టికెట్లు అమ్మేసుకున్నారు" అంది.

ఎందుకని అడిగాను. చెప్పిన జవాబులో మొదట ఫుట్‌బాల్ వచ్చింది. ఇండియానా ఫుట్‌బాల్ జట్టు అప్పటిదాకా దేశంలో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన జట్టు. స్టేడియంలో సీట్లు ఖాళీగా ఉండటం మామూలే. 2023 చివర్లో కర్ట్ సిగ్నెటి అనే కొత్త కోచ్ వచ్చాడు. తను పనిచేసిన జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి పదముగ్గురు ఆటగాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల పని తనకు తెలుసు, తన పని వాళ్లకు తెలుసు. మొదటి ఏడాదే 11 మ్యాచ్‌లు గెలిచి జాతీయ ప్లేఆఫ్‌కు వెళ్లారు. అంతదాకా ఏ దిక్కూ లేని జట్టుకు అది ఒక్క ఏడాదిలో సాధ్యమైతే, ఐదు టైటిళ్లున్న బాస్కెట్‌బాల్‌కు ఎందుకు కావడం లేదని ఊరంతా అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాడు ఆ రాత్రి కోచ్ కుర్చీలో కూర్చున్న మైక్ వుడ్సన్.

అసెంబ్లీ హాల్ 1971లో కట్టారు. పదిహేడు వేల పైచిలుకు జనం పడతారు. లోపలికి అడుగుపెట్టగానే తల పైకెత్తాల్సి వచ్చింది. కోర్టుకు రెండు పక్కలా మెట్లు నిటారుగా, పర్వతంలా లేచాయి. బుట్టల వెనక వైపు జనం పలచన. పై వరసలో కూర్చుంటే మేడ మీంచి బావిలోకి తొంగిచూసినట్టుంటుంది. కింద నేలకు బ్రాంచ్ మెక్‌క్రాకెన్ పేరు పెట్టారు. 1940, 1953 టైటిళ్లు తెచ్చిన కోచ్ ఆయన. ఒక కొసన పైకప్పు నుంచి పతాకాలు వేలాడుతున్నాయి. అయిదు. మధ్యదాని కింద ఆగి బావ నాకు చూపించాడు, గుడిలో మూలవిరాట్టును చూపించినట్టు. 1976. ఆ ఏడాది 32 మ్యాచ్‌లాడి 32 గెలిచారు. ఆ తర్వాత ఇప్పటిదాకా మగవాళ్ల జాతీయ టైటిల్‌ను ఒక్క ఓటమీ లేకుండా గెలిచిన కాలేజీ ఇంకొకటి లేదు.

వార్మప్‌కు ఆటగాళ్లు ఎరుపు తెలుపు చారల ప్యాంట్లు వేసుకుని వచ్చారు. పిల్లలు చప్పరించే బిళ్ల చారల్లా ఉంటాయి. ముసలివాళ్లు, పసివాళ్లు, గర్భిణులు కూడా అవే చారలు తొడుక్కుని కూర్చున్నారు. ఆటగాళ్ల చొక్కాల వెనక నంబరే ఉంది, పేరు లేదు. ఇక్కడ చొక్కా ముందున్న ఊరి పేరే ముఖ్యం, వెనక పేరు అక్కర్లేదన్నది నైట్ కాలం నుంచీ పద్ధతి. ఒకప్పుడు ఆ పద్ధతి అందంగా ఉండేదట. కుర్రాడు నాలుగేళ్లు ఉండేవాడు. చొక్కా మీద పేరు లేకపోయినా నడకను బట్టి, జుట్టును బట్టి పై వరసలోవాళ్లకు కూడా తెలిసిపోయేది. ఈ రాత్రి నా పక్కనున్న ముసలాయన సీజను మధ్యకు వచ్చాక కూడా ఒక కాగితం మడత విప్పి నంబర్లు చూసుకుంటున్నాడు.

ఆయనది బెడ్‌ఫర్డ్. రాతి క్వారీలో పనిచేసి రిటైరయ్యాడు. చేతివేళ్ల కణుపులు ఉసిరికాయలంత ఉన్నాయి. బావకు పన్నెండేళ్లుగా పక్క సీటు. 1990 రాష్ట్ర హైస్కూలు ఫైనల్‌కు ఇండియానాపోలిస్‌లో 41,046 మంది వచ్చారు, వాళ్ల ఊరి హైస్కూలు కుర్రాడు డేమన్ బెయిలీ ఆటను చూడటానికి. అందులో తను ఒకడినని నాతో పరిచయమైన రెండో నిమిషంలోనే చెప్పాడు. నేను ఇండియా నుంచి వచ్చానని విని, "అయితే నీకు మొదట్నించీ చెప్పాలి" అని పాప్‌కార్న్ పొట్లంలోంచి ఐదు గింజలు తీసి మోకాలి మీద పరిచిన ప్రోగ్రాం కాగితంపై పెట్టాడు.

"ఇవి మనవాళ్లు. ఈ రెండు చూడు" అని పెద్ద గింజలు రెండింటిని బుట్ట దగ్గరికి జరిపాడు. "ఒకడు ఏడడుగులు, మంచివాడు, బుట్ట కింద బంతి అందితే ఎవడూ ఆపలేడు. రెండోవాడు కూడా అక్కడే ఆడాలి. ఇద్దరూ దూరం నుంచి వెయ్యలేరు." తర్వాత బటన్ల లాంటి పల్లీలు ఐదు తీసి ప్రత్యర్థులుగా పెట్టాడు. "మన బయటవాళ్లలో ధైర్యంగా మూడు పాయింట్ల గీత దగ్గర్నుంచి వేసేవాళ్లు ఎందరు? అందుకని వాళ్లు ఏం చేస్తారు?" అని మూడు పల్లీల్ని తోసుకొచ్చి పెద్ద గింజల చుట్టూ గుమిగూర్చాడు. ఆ జాగాలో ఇంకో పల్లీ గింజకు చోటు లేదు. "మన గార్డు లోపలికి దూరాలంటే ఎక్కడ దూరతాడు? ఇది నవంబరులో నాకు తెలుసు. నేను రాళ్లు కొట్టినవాణ్ని. నాకు తెలిసింది వాళ్లకు తెలియదా?"

నేను మా ఊరి కాలేజీలో సిమెంటు కోర్టు మీద మూడేళ్లు ఆడాను. మా పీడీ సార్ సుద్దముక్కతో నేల మీద ఇదే బొమ్మ గీసేవారు. "బయట్నించి వేసేవాడు ఒకడైనా లేకపోతే లోపలివాడికి గాలి ఆడదురా" అనేవారు. ఆ మాట బెడ్‌ఫర్డ్ పెద్దాయనకు బావ చేత చెప్పించాను. ఆయన నా భుజం మీద ఒకటి చరిచాడు. గట్టి చెయ్యి.

ఆయన చెప్పింది ఒక్కడి మాట కాదు. ఈ జట్టును వేసవిలో కట్టినప్పుడు దేశమంతా మెచ్చుకుంది. పోర్టల్ అని పిలిచే బదిలీల చిట్టాలోంచి ఆరిజోనా యూనివర్సిటీలో ఆడిన మాలి దేశస్థుడు ఊమర్ బల్లోను, వాషింగ్టన్ స్టేట్ నుంచి మైల్స్ రైస్‌ను, స్టాన్‌ఫర్డ్ నుంచి కనాన్ కార్లైల్‌ను, ఇలినాయ్ నుంచి లూక్ గుడ్‌ను తెచ్చారు. పాతవాళ్లలో మలీక్ రెనో, మెకెన్జీ ఎంబాకో ఉన్నారు. సీజను మొదలుకాకముందే విలేకరులు దేశంలో పదిహేడో స్థానం ఇచ్చారు. పేర్లు విడివిడిగా చూస్తే పెద్దవే. కలిపి చూస్తే ఇల్లంతా బీరువాలు కొని మంచం కొనడం మరిచిపోయినట్టుంది. దూరం నుంచి నిలకడగా వేసేవాడిగా పేరున్నది గుడ్ ఒక్కడికే. అంతకుముందు ఏడాది కూడా దేశంలో మూడు పాయింట్ల షాట్లు బాగా తక్కువ వేసే జట్లలో ఇండియానా ఒకటి. జాతీయ టోర్నీకి ఎంపికయ్యే 68 జట్లలో చోటు దొరకలేదు. అయినా ఆ లోటు పూడ్చడమే మొదటి పని కాలేదు. నవంబరులో బహామాస్‌లో లూయీవిల్ చేతిలో 89-61తో ఓడినప్పుడే పెద్దాయన పల్లీల లెక్క అందరి ముందూ తేలిపోయింది.

అభిమానుల కోపం గెలుపు ఓటముల కోపం అని దూరం నుంచి చూసేవాళ్లు అనుకుంటారు. ఈ హాల్లో మూడు గంటలు కూర్చున్నాక ఆ మాట ఒప్పుకోలేను. వీళ్ల కోపం, తమకు కనబడింది పైవాళ్లకు కనబడలేదన్న కోపం. చిన్నప్పటి నుంచీ కొట్టం తలుపు మీద బంతి వేసినవాళ్లు. జోన్ డిఫెన్స్‌ని ఎలా విడగొట్టాలో బామ్మలకు కూడా తెలుసు. తెలిసినవాళ్ల ముందు తెలియనట్టు చేస్తే వచ్చే కోపం అది, రైతుకు అదును తప్పిన దుక్కి చూస్తే వచ్చేలాంటిది.

ఆట మొదలైంది. ఎదుట ఇలినాయ్, పక్క రాష్ట్రం. వాళ్ల కోచ్ బ్రాడ్ అండర్‌వుడ్ ఆ ఏడాది యూరప్ మీద వల వేశాడు. లిథువేనియా నుంచి కాస్పరాస్ యాకుచోనిస్ అనే కుర్రాడు, క్రొయేషియా నుంచి తోమిస్లావ్ ఇవిసిచ్ అనే ఏడడుగుల మనిషి. ఆ ఏడడుగులవాడు కూడా మూడు పాయింట్ల గీత బయట నిలబడి వేయగలడు. జట్టు కూర్పులో తేడా అక్కడే ఉంది. ఇద్దరూ పోర్టల్, డబ్బు, వేసవి అనే అవే మూడింటితో మొదలుపెట్టారు. ఒకరు ఆట ఎలా ఆడాలో ముందు అనుకుని మనుషుల్ని వెతికారు.

మొదటి సగంలోనే మ్యాచ్ చెయ్యి దాటిపోయింది. వివరం రాయను. ఇలినాయ్ ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎవరూ అడ్డం రాని చోట నిలబడి వేస్తుంటే, మనవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నీవాడు నీవాడు అని వేళ్లు చూపించుకుంటున్నారు. ఆ వేళ్లు నాకు బాగా కనబడ్డాయి. కలిసి ఏడాది కూడా ఆడనివాళ్లకు, ఎవరి మనిషి ఎవడో చెప్పే అలవాటు ఇంకా పడలేదు.

విరామానికి ముందు ఈలలు, బూ అనే కేకలు మొదలయ్యాయి. తర్వాత విద్యార్థుల వైపు నుంచి రెండు మాటలు లయగా లేచాయి. "ఫైర్ వుడ్సన్." వుడ్సన్‌ని తీసెయ్యండి. మొదట పదిమంది, తర్వాత వరసలు వరసలు. నిటారు గోడల మధ్య ఆ శబ్దం బావిలో రాయి పడ్డట్టు కిందికి దిగింది. కోచ్ బెంచీ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవై ఆరేళ్ల మనిషి. తల తిప్పలేదు.

ఆయన ఈ హాలు పిల్లవాడే. ఇండియానాపోలిస్‌లోని బ్రాడ్ రిపుల్ హైస్కూలులో చదివి 1976లో ఇక్కడికి వచ్చాడు. నాలుగేళ్లలో రెండు వేలకు పైగా పాయింట్లు చేశాడు. చివరి ఏడాది వెన్నుకు ఆపరేషన్ అయింది. సీజను మధ్యలో కోలుకుని తిరిగొచ్చి జట్టును బిగ్ టెన్ అనే తమ లీగులో విజేతగా నిలిపినవాళ్లలో ఉన్నాడు. తర్వాత ఎన్‌బీఏలో ఆడాడు, అట్లాంటాకు, న్యూయార్క్ నిక్స్‌కు కోచ్‌గా పనిచేశాడు. 2021లో ఇంటికి పిలిచారు. నైట్ బిడ్డ తిరిగొచ్చాడని ఊరు మురిసింది. మొదటి ఏడాదే, 2022 జనవరిలో, తమను వరసగా తొమ్మిదిసార్లు ఓడించిన పర్డ్యూను ఈ నేల మీదే ఓడించాడు. బావ మెట్లు దిగి కోర్టు మీదికి పరుగెత్తిన రాత్రి అది. మూడేళ్ల తర్వాత అదే మెట్ల మీంచి అదే మనిషి పేరు ఇలా లేచింది.

బావ అరవలేదు. పక్కన పెద్దాయనా అరవలేదు. పాప్‌కార్న్ గింజలు ఐదూ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "నేను వాడి మొదటి మ్యాచ్ చూశాను, 1976లో" అన్నాడు, అంతే.

ఆ కేక నాకు నచ్చలేదు. ఆ కేక వెనకున్న ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయం. జట్టు కట్టిన తీరును ప్రశ్నించే హక్కు ఆ జనానికి ఉంది. మంచులో నూరు మైళ్లు వచ్చి, టికెట్టు కొని, యాభై ఏళ్లుగా అదే సీట్లో కూర్చునేవాళ్లకు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది? అయితే కోచ్ ఒక్కడి మెడలో మొత్తం గంట కట్టడం సరికాదు. 2000 నుంచి ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ల చిట్టా చూడండి. డేవిస్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు, వెళ్లిపోయాడు. కెల్విన్ సాంప్సన్ ఆటగాళ్లకు చేయకూడని ఫోన్లు చేసి 2008లో రాజీనామా చేశాడు. టామ్ క్రీన్ శిథిలాలు పైకెత్తాడు. మొదటి ఏడు 6 గెలిచి 25 ఓడినవాడు, అయిదో ఏడాదికి జట్టును దేశంలో మొదటి స్థానంలో కూర్చోబెట్టాడు. 2017లో ఆయనా పోయాడు. ఆర్చీ మిల్లర్‌ను నాలుగేళ్లకు పంపించడానికి ఒప్పందం తెంపుకున్నందుకే కోటి డాలర్లకు పైగా కట్టారు. దాతలు ఇచ్చిన డబ్బు అది. ప్రతిసారీ కోచ్ పోయాడు. ఏ ఆట ఆడాలి, ఎలాంటి కుర్రాళ్లు కావాలి అన్న నిర్ణయం మాత్రం ప్రతిసారీ మొదటికొచ్చింది. ఇక్కణ్నుంచి వెళ్లిన సాంప్సన్ హ్యూస్టన్‌లో ఒకే పద్ధతి పట్టుకుని పదేళ్లు దున్నాడు. ఆ ఏడాది ఏప్రిల్లో, నేను ఇంటికి తిరిగొచ్చాక, అతని జట్టు జాతీయ ఫైనల్ దాకా వెళ్లి రెండే పాయింట్ల తేడాతో ఓడింది.

నియమాలూ మారాయి. 2021 వరకు ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి వెళ్లిన కుర్రాడు మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఆ అడ్డు ఒకసారికి తీసేశారు, 2024 నుంచి ఎన్నిసార్లు మారినా అడ్డు లేదు. అదే 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకోనిచ్చి డబ్బు సంపాదించవచ్చు. కుర్రాళ్లకు ఇది న్యాయమే. వాళ్ల చెమట మీద దశాబ్దాలపాటు అందరూ సంపాదించారు, వాళ్లు తప్ప. దానివల్ల పేదింటి పిల్లలు తల్లిదండ్రులకు ఇల్లు కట్టించారు. నేను దాన్ని తప్పు పట్టను. కానీ ఆ మార్పుతో కోచ్ పని ఆట నేర్పడం కంటే ప్రతి ఏప్రిల్లో సంతలో ఎడ్లను ఎంచుకోవడంలా మారింది. జత కుదరాలి. ఎత్తు, కొమ్ములు చూసి కొంటే చాలదు, కాడి కింద రెండూ ఒక్క అడుగు వెయ్యాలి. ఇండియానాలో తప్పింది అదే. ఆ తప్పును కప్పిపుచ్చే ఓపిక ఆ జనానికి లేకపోవడం వాళ్ల తప్పు కాదు.

రెండో సగంలో ఒక టైమవుట్‌కు బ్యాండు విలియం టెల్ రాగం ఎత్తుకుంది. ఎర్ర తెల్ల జెండాలు పట్టుకుని చీర్‌లీడర్లు కోర్టు చుట్టూ పరుగు తీశారు. ప్రతి మ్యాచ్‌లోనూ ఇది ఉంటుంది. జనం నిలబడి చప్పట్లు కొడతారు. ఈ రాత్రీ లేచారు. విరామానికి ముందు గొంతు చించుకుని అరిచిన కుర్రాళ్లే లేచి తాళం వేశారు. నేనూ లేచాను. జెండా పట్టుకున్న ఒక అమ్మాయి మా ముందు నుంచి పోతూ ఏడుస్తోందో, చలికి కళ్లు నీళ్లు పెట్టాయో తెలియలేదు. నవ్వు మాత్రం ముఖం మీంచి చెదరలేదు.

94-69. హోరు లేకుండా జనం మెట్లు దిగారు. పెద్దాయన నాతో చెయ్యి కలిపి, "ఇంకోసారి రా, మంచి రోజున" అన్నాడు.

తిరుగు దారిలో మేనకోడలిని హాస్టల్ దగ్గర దింపాము. దిగేముందు ఒక్క మాట అంది. "మావయ్యా, మా స్టాటిస్టిక్స్ క్లాసులో ఆ టీమ్ కుర్రాడొకడు మా వెనక వరసలో కూర్చుంటాడు. రేపు పొద్దున తొమ్మిదింటికి క్లాసుంది. నేను వాడివైపు ఎలా చూడాలి?" బావ జవాబు చెప్పలేదు. కారు మార్టిన్స్‌విల్ దాటాక, "వాళ్లూ పిల్లలే బావగారూ. విన్నారు, అన్నీ విన్నారు" అన్నాడు. ఇంటికి వచ్చేసరికి చెల్లెలు మెలకువగానే ఉంది. చారు వేడి చేసింది. బావ తినకుండా పడుకున్నాడు.

మూడు రోజుల తర్వాత ఇండియానా కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌ను అదనపు సమయంలో ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. బావ సోఫా మీంచి లేచి గరాజులోకి వెళ్లి ఒక్కడే కాసేపు నిలబడి వచ్చాడు. ఫిబ్రవరి 7న వుడ్సన్ సీజను చివర్లో తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. అప్పటికి నేను తిరిగి వచ్చేశాను. ఫోన్లో బావ గొంతులో సంతోషం లేదు. నాలుగు రోజులకు వాళ్లు మిషిగన్ స్టేట్‌ను వాళ్ల ఊరిలోనే ఓడించారు. ఫిబ్రవరి 23న అదే హాల్లో పర్డ్యూను 73-58తో ఓడించారు. బరువు దిగినవాళ్లలా ఆడారట. అయినా 68 జట్లలో చోటు దక్కలేదు. 19 గెలుపులు, 13 ఓటములు.

మార్చిలో వెస్ట్ వర్జీనియా నుంచి డారియన్ డివ్రీస్‌ను కోచ్‌గా తెచ్చారు. దూరం నుంచి వేసేవాళ్లను నమ్ముకునే మనిషి. పెద్దాయన పల్లీలకు చివరికి జవాబు దొరికిందని బావ వాట్సాప్‌లో పెట్టాడు. రెనో మయామీకి వెళ్లాడు, ఎంబాకో టెక్సస్ ఏ అండ్ ఎంకు, రైస్ మేరీలాండ్‌కు. బల్లో, గుడ్ లాంటివాళ్ల కాలేజీ ఆట అయిపోయింది. ఆ సంక్రాంతి రాత్రి జట్టులో ఉన్న స్కాలర్‌షిప్ ఆటగాళ్లలో ఒక్కడు కూడా తర్వాతి సీజనుకు బ్లూమింగ్టన్‌లో లేడు. బావ అక్టోబరులో అదే వరసలో, అదే పెద్దాయన పక్కన, రెండు టికెట్లు మళ్లీ కొన్నాడు.